వద్దని చెప్పే పాఠం

ఫైనాన్స్ పాఠాలు చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తుంటారు. ఏ పుస్తకం పెట్టుకోవాలి, ఏ చాప్టర్‌తో మొదలెట్టాలి, వెనక బెంచీల్లో పిల్లలు నిద్రపోతుంటే ఏం చెయ్యాలి అని అడుగుతారు. నాకు తెలిసింది చెప్తాను. వాళ్ళు చెప్పులేసుకుని గేటు దాటాక, అసలు సంగతి చెప్పనే లేదే అనిపిస్తుంది. అందుకని తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ప్రమోషన్ వచ్చిందో, ఏ కమిటీలో ఎవరి పక్కన కూర్చున్నానో ఇందులో ఉండదు. అవి చదివితే నాకే ఆవలింతలొస్తాయి.

మాది అనంతపురం వైపు. మొదట బ్యాంకులో, అప్పుల దరఖాస్తులు చూసే సీట్లో కొన్నేళ్ళు పనిచేశాను. తొంభైల మొదట్లో అది వదిలేసి బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ దగ్గర కొత్తగా పెట్టిన ఒక మేనేజ్‌మెంట్ కాలేజీలో చేరాను. "బ్యాంకు ఉద్యోగం వదిలేసి పిల్లలకి లెక్కలు చెప్పుకుంటారా?" అని మా మామగారు మొహం ముడుచుకున్నారు. ఆయన కోపం తగ్గేసరికి మా కాలేజీకి కాంపౌండ్ గోడ కూడా లేచింది.

ఉత్తరానికి సిగ్గుండదు

నేను పాఠం చెప్పే పద్ధతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. బ్యాంకులో మా బ్రాంచి మేనేజర్ గారి దగ్గర దొరికింది.

మిగతా బ్రాంచీల్లో ఎవరికైనా అప్పు ఇవ్వకూడదనుకుంటే ఒక అచ్చు ఉత్తరం పోస్టులో వేసేవాళ్ళు. 'మీ దరఖాస్తును పరిశీలించాము, చింతిస్తున్నాము' అని. మా మేనేజర్ గారు దానికి ఒప్పుకునేవారు కాదు. వద్దని రాసిన ఆఫీసరే ఆ మనిషిని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎందుకు వద్దో చెప్పాలి. నేను చేరిన కొత్తలో ఒకాయన వేరుశనగ నూనె మిల్లు పెడతానని వచ్చాడు. నేను బాగా ఆలోచించి, నాలుగు కారణాలు చూపించి, వద్దని రాసి తీసుకెళ్ళాను. మేనేజర్ గారు చదివి, "రాత బాగుందయ్యా. ఆయన బయట బెంచీ మీదున్నాడు. పోయి చెప్పిరా" అన్నారు.

"లెటర్ పంపిస్తే సరిపోతుంది కదా సార్?"

"లెటర్‌కి సిగ్గుండదయ్యా. నీకుంటుంది. అందుకే నువ్వు పో."

వెళ్ళాను. ఆ మనిషి మొహం చూస్తూ కారణాలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాను. రెండోదానికి వచ్చేసరికి నేనే నసగడం మొదలుపెట్టాను. నాలుగింటిలో ఒకటే నిజమైన కారణం, మిగతా మూడూ కాగితం నిండుగా కనబడాలని రాసినవి. కాగితం మీద అవి బాగానే నిలబడ్డాయి. మనిషి ముందు నిలబడలేదు. చివరికి ఆ ఒక్క కారణమే చెప్పాను. ఆయన ఇంటికెళ్ళి దాన్ని సరిచేసుకుని, మరుసటి ఏడు మళ్ళీ వచ్చాడు. ఆయనకి అప్పిచ్చాం. ఎదురుగా చెప్పవలసి వస్తే మనిషి తన లెక్కని తానే మళ్ళీ ఒకసారి చూసుకుంటాడని అప్పుడు అర్థమైంది.

సరే అనడం తేలిక

కాలేజీలో నా ముందు కూర్చున్న పిల్లలు తెలివైనవాళ్ళు. ఆంధ్రా నుంచి, కోలారు నుంచి, మైసూరు నుంచి, కేరళ నుంచి వచ్చేవాళ్ళు. ఎంత కష్టమైన లెక్క ఇచ్చినా చేసేసేవాళ్ళు. చేశాక ఏం చెయ్యాలో మాత్రం తెలిసేది కాదు. మొదటి ఏడు ఒక అబ్బాయిని, "ఈ ఫ్యాక్టరీ పెట్టమంటావా, వద్దంటావా?" అని అడిగాను.

"ఎన్‌పీవీ పాజిటివ్ సార్."

"ఆ మాట మీ అమ్మగారితో చెప్పు. నేనే మీ అమ్మని అనుకో."

అబ్బాయి నవ్వాడు, చెమట తుడుచుకున్నాడు, కూర్చున్నాడు. ముందుముందు రాబోయే డబ్బుని ఇవాళ్టి విలువకి తగ్గించి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే ఏమైనా మిగులుతుందా అని చూడడమే ఎన్‌పీవీ అంటే. పదో తరగతి పిల్లకి కూడా చెప్పచ్చు. ఇంగ్లీషులో చదివినదాన్ని ఇంటి భాషలో చెప్పలేకపోతే అది తలలోకి ఎక్కనట్టే, నాలుక మీదే ఉన్నట్టు.

అప్పుడు శనివారం క్లాసు మొదలుపెట్టాను. ఊళ్ళో ఏదో ఒక వ్యాపారం చేసేవాళ్ళు, పెంచాలనుకునేవాళ్ళు ఒకరు క్లాసుకొచ్చి తమ ఆలోచన చెప్తారు. పిల్లలు వారం పాటు లెక్కలు వేస్తారు. తర్వాత చేతులెత్తుతారు. సరే అన్నవాళ్ళలో ఒకరు, వద్దన్నవాళ్ళలో ఒకరు ఆ వ్యాపారం దగ్గరికే వెళ్ళి, వాళ్ళ భాషలో, వాళ్ళ మొహం మీద చెప్పాలి. తెలుగో, కన్నడమో, తమిళమో, ఏదైనా సరే, ఇంగ్లీషు మాత్రం కాదు. ఏడాది తర్వాత అందరూ కలిసి మళ్ళీ వెళ్ళి చూసి రావాలి. పిల్లలు ఏ లెక్కలు వేసినా చేతులెత్తేదాకా నేను నోరు విప్పను. అది నాకు నేను పెట్టుకున్న నియమం. ఎంత కష్టమో చెప్పలేను.

ఒక సంగతి తొందరగానే తెలిసింది. మా పిల్లలు అందరికీ సరే అనేవాళ్ళు. బేకరీ పెడతానన్నా సరే, బోర్‌వెల్ లారీ కొంటానన్నా సరే. అత్త సొమ్ము అల్లుడు దానం కదా, పోయేది వీళ్ళది కాదు. ఫైనాన్స్ చదివినవాళ్ళు రాతిగుండెవాళ్ళని బయట అనుకుంటారు. నేను చూసినంతలో వాళ్ళకున్న అసలు జబ్బు మొహమాటం. ఎదుటి మనిషి ఆశగా చూస్తుంటే వద్దని చెప్పలేక, సరే అని వచ్చే జవాబు కోసం లెక్కలోని అంకెల్ని కొంచెం కొంచెం పైకి జరుపుతారు. తాము అలా జరిపామని వాళ్ళకి కూడా తెలియదు.

మా డైరెక్టర్ గారికి ఈ క్లాసు నచ్చేది కాదు. ఆయన చెడ్డవారేం కాదు. కొత్త కాలేజీ, పిల్లలకి ఉద్యోగాలు రాకపోతే మూతపడుతుందని ఆయన బెంగ. "ఇంటర్వ్యూలో తెలుగులో ఎవరడుగుతారండీ?" అనేవారు. "తెలుగులో చెప్పగలిగినవాడు ఇంగ్లీషులో ఇంకా బాగా చెప్తాడండీ" అనేవాణ్ణి. నమ్మకపోయినా ఊరుకునేవారు.

ఎస్తేరమ్మ ఆలోచన

రెండువేల సంవత్సరం వచ్చేసరికి కుందలహళ్ళి వైపు అద్దాల బిల్డింగులు లేచాయి. వాటితో పాటు ఆకలితో ఉండే కుర్రాళ్ళు కూడా వేలకొద్దీ వచ్చారు. ఆ ఏడు శనివారం క్లాసుకి ఎస్తేరమ్మ వచ్చింది.

ఎస్తేరమ్మది మదనపల్లె. భర్త పోయాక బెంగళూరొచ్చి, వర్తూరు రోడ్డు మీద రేకుల షెడ్డులో మెస్సు నడుపుతోంది. ఆదివారం చర్చి అయ్యేదాకా పొయ్యి వెలిగించేది కాదు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు షెడ్డు ముందు నిలబడి, ప్రార్థన త్వరగా ముగియాలని వాళ్ళూ ప్రార్థించుకునేవాళ్ళు. ఆవిడ చేసే చింతకాయ పచ్చడి కోసం నేను కూడా ఆ వరసలో నిలబడ్డవాణ్ణే.

క్లాసులో ఆవిడ ఏమాత్రం బెదరలేదు. కొంగు నడుముకి దోపుకుని చెప్పింది.

"ఆ టెక్ పార్క్ గేటు పక్కన మూడంతస్తుల కొత్త బిల్డింగ్ ఉండాదప్పా. ఓనరు మొత్తంగా లీజుకిస్తానంటాండాడు. కింద మెస్సు పెడతా, పైన రెండంతస్తులూ పిలకాయలకి రూములు. ఆడ ఒక కంపెనీలో అడ్మిన్ చూసే యప్ప, కొత్తగా చేరే పిలకాయల్నంతా నీకాడికే పంపిస్తానన్నాడు. నేను దాచుకునిందంతా అడ్వాన్సుకి సరిపోతాది. మీరు చదువుకున్నోళ్ళు కదా, పెట్టల్నా వద్దా చెప్పండి."

బెంగళూరులో అడ్వాన్సంటే మన ఊళ్ళల్లోలా ఒక నెలదో రెండు నెలలదో కాదు. పది నెలల అద్దె ముందుగా ఓనరు చేతిలో పెట్టాలి. ఖాళీ చేసేటప్పుడు వడ్డీ లేకుండా తిరిగి ఇస్తాడు. ఇల్లయినా దుకాణమైనా అదే ఆనవాయితీ. ఎస్తేరమ్మ ఇన్నేళ్ళు పొయ్యి ముందు నిలబడి దాచుకున్నదంతా ఆ అడ్వాన్సులోకే పోతుంది. తేడా వస్తే ఆవిడకి చిల్లిగవ్వ మిగలదు.

మా పిల్లలకి ఈ ఆలోచన తెగ నచ్చింది. కార్తీక్ అని ఒక హైదరాబాద్ కుర్రాడు, మాటకారి, అందరినీ కూడగట్టి లెక్క వేశాడు. అందులో మొదటి నెల నుంచే మంచాలన్నీ నిండిపోయాయి. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. లాభం చూస్తే నాకే మెస్సు పెట్టాలనిపించింది. అడ్వాన్సు మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఎవరో అడిగితే కార్తీక్, "అది ఖర్చు కాదు కదా. ఖాళీ చేసినప్పుడు తిరిగి వచ్చేస్తుంది" అన్నాడు. అందరూ తలలూపారు.

అప్పుడు సువర్ణ లేచింది. బాపట్ల వైపు పిల్ల. తండ్రి లేడు. వాళ్ళమ్మ వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. లెక్కల్లో గట్టిది, నోట్లోంచి మాట రావడమే గగనం. ఆ రోజు కూడా బల్ల అంచు పట్టుకుని మాట్లాడింది.

"అడ్వాన్స్ తిరిగి వస్తుంది సార్. కానీ మనం అడిగిన రోజు రాదు. ఓనర్‌కి ఇంకొకళ్ళు దొరికిన రోజు వస్తుంది. పెయింటింగ్‌కని కొంత కోసుకుని ఇస్తారు. మేము ఇల్లు మారినప్పుడు ఎన్ని నెలలు తిరిగామో."

"అది ఇంటి సంగతి, ఇది బిజినెస్" అన్నాడు కార్తీక్.

"బిజినెస్ అయితే ఇంకా కష్టం. వచ్చేవాళ్ళందరూ ఒకే కంపెనీ వాళ్ళు. వెళ్ళిపోతే అందరూ ఒకేసారి వెళ్ళిపోతారు. రూములు ఖాళీ అయినా అద్దె ఆగదు. ఆంటీ దాచుకున్నదంతా ఓనర్ దగ్గర ఉంటుంది. మర్నాడు బియ్యం దేంతో కొంటారు?"

లాభం వేరు, చేతిలో ఆడే డబ్బు వేరని నేను ఏటా పాఠంగా చెప్తూనే ఉన్నాను. అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. అయినా చేతులెత్తమంటే సువర్ణ ఒక్కతే వద్దంది, మిగతా క్లాసంతా సరే అంది. చెప్పానుగా, సరే అనడం తేలిక.

సువర్ణ అడిగిన సెలవు

రెండు రోజుల తర్వాత సువర్ణ నా గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"సార్, నా మార్కులు తీసేయండి. ఎస్తేరమ్మ ఆంటీకి నేను చెప్పలేను."

"కూర్చో. ఏమైంది?"

"మేము బెంగళూరు వచ్చిన కొత్తలో అమ్మకి నైట్ డ్యూటీలు. ఇంట్లో వంట ఉండేది కాదు. నేను ఆంటీ మెస్సులోనే తిన్నాను. డబ్బులిస్తే తీసుకునేవారు కాదు. ఆదివారం తెలుగు ఆరాధనలో మా పక్కనే కూర్చుంటారు. అమ్మ ఏడుస్తోంది సార్. 'అందరూ సరే అంటే నువ్వొక్కదానివీ అడ్డం చెప్తావా, రేపు ఆమె మొహం ఎలా చూడను?' అంటోంది."

నాకు ఆ తల్లి మీద కోపం రాలేదు. పరాయి ఊళ్ళో నలుగురు మనవాళ్ళుంటే, ఆ నలుగురిలో ఒకరిని దూరం చేసుకోవడం ఎంత భయమో నాకూ తెలుసు. ఒకటే అడిగాను.

"నీ లెక్క తప్పని ఏమైనా అనిపిస్తోందా?"

"లేదు సార్. మూడుసార్లు చూశాను."

"అయితే కార్తీక్ వెళ్ళి సరే అంటాడు. ఆవిడ ఉన్నదంతా తీసుకెళ్ళి ఓనర్ చేతిలో పోస్తుంది. ఆ సంగతి ముందే తెలిసి ఊరుకున్నది ఆవిడ అన్నం తిన్న పిల్ల. అది ఫర్వాలేదా?"

సువర్ణ కళ్ళ నిండా నీళ్ళు. అంత గట్టిగా అనకపోయినా పోయేదేమో, కానీ అన్నాను. తర్వాత నాకు తెలిసిన ఒక్క కిటుకూ చెప్పాను.

"వద్దు అని ఆపెయ్యకు. అలా ఆపేస్తే అది తీర్పు. తీర్పు చెప్పడానికి నువ్వెవరివి, నేనెవణ్ణి? ఏది మారితే నువ్వు సరే అంటావో ఆలోచించుకుని వెళ్ళు. అది ఆవిడ చేతిలో పెట్టు. తర్వాత ఏం చేస్తుందో ఆవిడిష్టం."

కొత్తగా చేరే మాస్టార్లూ, మీకు కూడా ఇదే చెప్తాను. పిల్లలకి సరే, వద్దు అని రెండు జవాబులే నేర్పకండి. 'ఇది మారితే సరే' అనే మూడో జవాబు నేర్పండి. మిగతా సిలబస్ అంతా దానికోసమే.

మెస్సులో ఆ మధ్యాహ్నం

భోజనాలైపోయి సాయంత్రం టిఫిన్లు మొదలవకముందు కార్తీక్, సువర్ణ, నేను వెళ్ళాం. ఎస్తేరమ్మ మాకు మజ్జిగ ఇచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుంది. కార్తీక్ ముందు మాట్లాడాడు. సరే అన్నాడు, లాభం చెప్పాడు, బాగా చెప్పాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

సువర్ణ వంతు వచ్చింది. అడ్వాన్సు సంగతి చెప్పింది, బియ్యం సంగతి చెప్పింది. చివర్లో అంది.

"ఆంటీ, రెండింటిలో ఏదో ఒకటి మారితే నేనూ సరే అంటాను. ముందు కింద అంతస్తు ఒక్కటే తీసుకోండి. లేదా, ఆ అడ్మిన్ ఆయన్ని, రూములు ఖాళీగా ఉంటే ఆ అద్దె కంపెనీ కడుతుందని రాసివ్వమనండి. రాసిస్తే మూడంతస్తులూ తీసుకోండి."

ఎస్తేరమ్మ లేచి నిలబడింది.

"ఏమే, నా చేతి కూడు తిని పెరిగినదానివి, నాకే అడ్డం చెప్తాండావా? అంత మందీ సరే అంటాంటే నీకొక్కదానికే తెలుసునా? నేను బాగుపడేది మీ అమ్మకి ఇష్టం లేదా ఏమి? పో, పో పాపా. సార్, మీరుగూడా పొండి, నాకు పని ఉండాది."

మజ్జిగ గ్లాసులు సగంలో వదిలేసి బయటికొచ్చాం. ఆటోలో సువర్ణ తన లెక్కల కాగితాన్ని మడతలు పెడుతూ కూర్చుంది. యథార్థవాది లోకవిరోధి అని చిన్నప్పుడు విన్న మాట, పాతికేళ్ళు కూడా లేని పిల్ల మొహంలో చూస్తే నాకు బాధేసింది. ఈ పద్ధతి పిల్లల మీద మోయలేని బరువు పెడుతోందా అని ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

సంగతి డైరెక్టర్ గారి దాకా వెళ్ళింది. పిలిచారు.

"మనం పాఠాలు చెప్తున్నామా, ఊళ్ళోవాళ్ళ వ్యాపారాల్లో వేలు పెడుతున్నామా? రేపు ఆవిడ వచ్చి గేటు దగ్గర గోల చేస్తే? వెళ్ళడాలు, చెప్పడాలు ఆపండి. క్లాసులో కూర్చుని చేసుకోండి."

వాదించాను. లాభం లేకపోయింది. శనివారం క్లాసు నాలుగు గోడల మధ్యకొచ్చింది. చప్పగా తయారైంది.

మళ్ళీ వెళ్ళి చూడడం

ఆ తర్వాతి నెలల్లో ఎస్తేరమ్మ చర్చిలో సువర్ణ తల్లికి తలూపి వేరే బెంచీకి వెళ్ళిపోయేదట. మెస్సు ఏమైందో మాకు సరిగ్గా తెలియదు. నేనా వైపు వెళ్ళలేదు. పచ్చడి లేకుండానే రోజులు గడిచాయి.

మరుసటి ఏడు సాఫ్ట్‌వేర్ కంపెనీలకి గాలి మారింది. ఆఫర్లు ఇచ్చినవాళ్ళు చేర్చుకోవడం మానేశారు. చేర్చుకున్నవాళ్ళని పంపించేస్తున్నారు. మా కార్తీక్‌కి క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం 'కొన్నాళ్ళు ఆగండి' దగ్గర ఆగిపోయింది. ఏడాది తర్వాత వెళ్ళి చూడాల్సిన శనివారం వచ్చింది. నేను డైరెక్టర్ గారి దగ్గరికెళ్ళి, "పిల్లల్ని మెస్సుకి భోజనానికి తీసుకెళ్తున్నాను" అన్నాను.

ఆయన కళ్ళద్దాల మీంచి చూసి, "భోజనం చెయ్యొద్దని నేనెప్పుడూ చెప్పలేదే" అన్నారు. అదీ మా డైరెక్టర్ గారు.

సువర్ణ రానంది. నియమం నియమమే అన్నాను. వచ్చింది, అందరికంటే వెనకాల నడుస్తూ.

గేటు పక్కన ఆ మూడంతస్తుల బిల్డింగ్ ఉంది. పై రెండు అంతస్తుల కిటికీలు మూసి ఉన్నాయి. టూ-లెట్ బోర్డు వేలాడుతోంది. కింద అంతస్తులో మాత్రం పొయ్యి మండుతోంది, కుర్రాళ్ళు తింటున్నారు. మునుపటంత మంది లేరు. కానీ ఉన్నారు, వేరువేరు కంపెనీల బిళ్ళలు మెళ్ళో వేసుకుని.

ఎస్తేరమ్మ మమ్మల్ని చూసి, "రాండప్పా, కూచోండి" అని విస్తర్లు వేసింది. కార్తీక్ విస్తట్లో రెండు ముద్దలు ఎక్కువే పెట్టింది. సువర్ణకి మాత్రం మొహం చూడకుండానే వడ్డించింది. అందరం తినడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది.

"నువ్వు చెప్పిపోయినాక, రెండో దినం ఆ అడ్మిన్ యప్ప కాడికి పోయి అడిగితిని. 'రూములు ఖాళీగా ఉంటే మీ కంపెనీ అద్దె కడతాదని రాసియ్యప్పా' అంటి. ఆ యప్ప నవ్వి, 'అట్లాంటివి ఎవురూ రాసియ్యరమ్మా, నా మాట మీద నమ్మకం లేదా' అనె. ఆ నవ్వు చూసినాక నాకు నమ్మకం పోయె. ఓనరుతో కొట్లాడి కిందిదొక్కటే తీసుకుంటి. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, ఆ యప్పా లేడు."

సువర్ణ తల దించుకునే ఉంది. "మరి ఆంటీ, మీకు నా మీద కోపం..."

"కోపమే. ఎందుకంటే, నువ్వు చెప్తాన్నప్పుడే అది నిజమని నాకు తెలిసిపోయె. మూడంతస్తుల బిల్డింగు, పైన నా పేరుతో బోర్డు. ఎంత ఆశ పడింటినో నీకు తెల్దు పాపా. ఆ ఆశ మీద నీళ్ళు పోసినావు గదా. అది పోయేదానికి ఇన్నాళ్ళు పట్టె."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. సువర్ణ లేచి వెళ్ళి ఆవిడ భుజం మీద తల పెట్టింది. మేమంతా మజ్జిగ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నాం.

గెలిచినంత మాత్రాన

తిరిగి వచ్చాక క్లాసులో ఒక పేచీ పెట్టాను. కంపెనీ మూతపడింది కాబట్టి సువర్ణ గెలిచింది అని పిల్లలంతా అనుకుంటున్నారు. "కంపెనీ మూతపడకపోయి ఉంటే?" అని అడిగాను.

"అప్పుడు కార్తీక్ కరెక్ట్ సార్" అన్నాడొకడు.

"కాదు" అన్నాడు కార్తీకే. "అప్పుడు కూడా నేను అడ్వాన్స్ లెక్కలో వెయ్యలేదు సార్. అదృష్టం బాగుండి బతికిపోయేవాణ్ణి, అంతే."

ఆ రోజు కార్తీక్ మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ అలాగే ఉంది. మంచి నిర్ణయాన్ని ఫలితం చూసి కొలవకూడదని చెప్పడం ఫైనాన్స్‌లో అన్నిటికంటే కష్టమైన పాఠం. మార్కెట్ పైకి పోతున్నప్పుడు గుడ్డివాడు కూడా గురి చూసి కొట్టినట్టే ఉంటుంది. పడిపోతున్నప్పుడు మంచి లెక్క వేసినవాడు కూడా తెలివితక్కువవాడిలా కనిపిస్తాడు. మీ పిల్లలు రెండూ చూస్తారు. ఆ రోజున ఏం తెలుసు, ఏం అడిగారు, ఏం అడగడం మానేశారు అన్నదే చూడమని చెప్పండి. ఈ పాఠం నేను పుస్తకం తెరిచి ఎన్నేళ్ళు చెప్పినా ఒక్కరికీ ఎక్కలేదు. ఉద్యోగం ఆగిపోయిన కుర్రాడు, తన లెక్క తప్పని తానే లేచి చెప్తే క్లాసు మొత్తానికి ఎక్కింది.

ఆ తర్వాతి బ్యాచ్ నుంచి మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళడం మొదలైంది. డైరెక్టర్ గారు పర్మిషన్ ఇచ్చినట్టు ఎక్కడా రాయలేదు. ఒక శనివారం మాత్రం తనూ మాతో కాలేజీ జీపెక్కి కూర్చున్నారు. కార్తీక్‌కి కొన్ని నెలలాగి ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. సువర్ణకి ఒక బ్యాంకులో అప్పుల దరఖాస్తులు చూసే సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో, 'ఎవరికైనా వద్దని ఎదురుగా చెప్పారా?' అని అడిగారట. తల్లి మిఠాయిలు పట్టుకుని మా ఇంటికొచ్చి, మా ఆవిడ చేతులు పట్టుకుని కూర్చుండిపోయింది.

పాఠం ఎలా చెప్పాలి సార్ అని అడిగేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. మన పిల్లలు ఎలాగూ లెక్కలు చేస్తారు. ఇప్పుడు మిషన్లు ఇంకా బాగా చేస్తున్నాయి. చేసిన లెక్కని పట్టుకుని ఒక మనిషి ఎదురుగా కూర్చుని, ఆ మనిషికి పనికొచ్చేలా మాట్లాడే ధైర్యం వాళ్ళకి రావాలి. ఆ ధైర్యం వస్తుంది. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

సువర్ణ బ్యాంకులో చేరడానికి ఇంకా వారం ఉందనగా కాలేజీకి ఫోనొచ్చింది. ఎస్తేరమ్మ.

"సార్, ఓనరు దిగొచ్చినాడు. రెండో అంతస్తు గూడా తీసుకో, అడ్వాన్సు మూడు నెలలదే ఇయ్యి అంటాండాడు. ఎట్ల చేయల్నో తెలీడంలే."

"అయితే శనివారం క్లాసుకి రండమ్మా. కొత్త బ్యాచ్ ఉంది, అందరూ కలిసి చూస్తారు."

"క్లాసంతా నాకెందుకు సార్? సరే అనేటోళ్ళు నాకు బజారు నిండా ఉండారు. ఆ వద్దనిన పిల్లను ఒక్కదాన్నే పంపించండి, చాలు."